కట్టినవా?

పత్తర్‌గట్టి వెనక సందులో ఎముకలు కట్టే మా ఉస్తాద్ పోయారని శుక్రవారం పొద్దున కబురొచ్చింది. వినగానే నా చెయ్యి కుడి మోకాలి మీదికి పోయింది. పదకొండేళ్లుగా నేను నడుస్తున్నానంటే అది ఆయన చేతి చలవే. ఏడుపొచ్చింది. ఇక నన్నెవరూ అడగరన్న ఊరట కూడా కలిగింది, ఆ ఊరటకే ఎక్కువ సిగ్గుపడ్డాను.

అప్పట్లో కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ టీమ్‌కు ఆడేవాణ్ణి. ఉద్యోగమిచ్చిందే ఆట చూసి. సైదాబాద్‌లో ఒక మ్యాచ్‌లో బంతితో పక్కకు తిరగబోతే మోకాలు కటుక్కుమంది, కూలబడ్డాను. ఎవరు తన్నారని అందరూ మూగారు. అవతలి టీమ్ కుర్రాడు ఒకడు అడుగు దూరంలో నిలబడి ఉన్నాడు. నా వేలు అతని వైపు లేచింది. నిజానికి నన్నెవరూ తన్నలేదు. నా కాలే నన్ను మోసం చేసిందని చెప్పుకోవడానికి ఆ వయసులో నోరు రాలేదు.

ఉస్తాద్ దెబ్బ తిన్న కాలు ముట్టుకునే ముందు బాగున్న కాలు పట్టుకుని చాలాసేపు కూర్చునేవారు. "మంచి కాలు చెప్తది, ఇంకోటి ఎట్లుండాల్నో" అనేవారు. గుడ్డుసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి, పాత చీర పేలికలు చుట్టేవారు. ఇవాళ ఇంట్లో కూరేమిటని అడిగి, మనం ఆలోచించే లోపల పని కానిచ్చేవారు. చాలాసార్లు కూర పేరు కేకలోనే కలిసిపోయేది.

మూడు నెలలకు కాలు నిలిచింది. మైదానంలోకి దిగితే మాత్రం బంతి దగ్గరికొచ్చేసరికి ఆ చప్పుడే చెవిలో వినబడేది. ఒళ్లంతా చెమట, కాలు కదలదు. కావాలనే నాటకమాడుతున్నానన్నారు తోటివాళ్లు. మళ్లీ ఉస్తాద్ దగ్గరికే పోయాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

"మోకాలికేం లేదు బేటా. మొదటిరోజే చూసిన, తోలు మీద దెబ్బ లేదు. నిన్నెవ్వడు తన్నలే."

నేను ప్యాంటు మోకాలి కిందికి లాక్కున్నాను.

"నువ్వు వేలు చూపిన గా పోరడు మొన్న నా దగ్గరకొచ్చి ఏడ్చిండు. నేనే కాలు విరగ్గొట్టిన అన్కుంటుండు. ఆట బంద్ చేసిండు. నీది నేను కట్టిన. వానిది నువ్వే కట్టాలె."

అతనికి నిజం చెబుతానని మాటిచ్చాను. విచిత్రమేమిటంటే, ఆ మాటిచ్చిన తేలికతోనే నెల తిరక్కుండా మళ్లీ ఆడగలిగాను. గోల్ కూడా కొట్టాను. చెప్పడం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ జరిగిపోయింది. ఏడాది దాటాక, ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటే ఏం చెప్పాలన్న భయం పట్టుకుంది. ఆ కుర్రాడు ఎదురైన వీధిలో పక్కకు తిరిగిపోవడం అలవాటైంది.

ఉస్తాద్ మరిచిపోలేదు. బజారులోనైనా, ఇరానీ హోటల్లో చాయ్ ముందైనా, సలాం కన్నా ముందు ఒకటే మాట. "కట్టినవా?" పక్కనున్నవాళ్లు పట్టీ సంగతి అనుకునేవారు. "కడ్త ఉస్తాద్" అనేవాణ్ణి. ఆయన కోప్పడలేదు, నా గుట్టు ఎవరికీ విప్పలేదు. ఆ కుర్రాడికి ఆయనే చెప్పేయవచ్చు కదా అని నేను లోలోపల విసుక్కున్న రోజులున్నాయి. అది నేను చెయ్యాల్సిన పనని వదిలిపెట్టారని ఇప్పుడు అర్థమవుతోంది.

ఉస్తాద్ జనాజా వెంట నడిచాను. ఖబరస్తాన్ మెట్ల దగ్గర మోకాలు లాగితే ఆగాను. వెనక నుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. ఆనాడు నేను వేలు చూపిన అతనే. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

"మెల్లగ అన్నా" అంటూ నా కాలి వైపు చూశాడు. "గింత దూరం నడిచినవ్. పట్టీ గిట్ట కట్టినవా?"

నోరు తెరిచాను. ఉస్తాద్‌ను ఇంకా మట్టిలోకి దించలేదు. "ఇంకా లేదు" అన్న మాటే బయటికొచ్చింది.

అతను అక్కడే మట్టిలో గొంతుక్కూర్చుని, మెడలో దస్తీ తీసి నా మోకాలికి చుట్టాడు. ముడి సరిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.