రేకు కప్పా, కరుణక్క నోరూ

కరుణక్క ఫోన్ చేసి "ఏం చేస్తన్నావే విమలా?" అని అడిగిందంటే, నేను కుర్చీ లాక్కుని, బీన్స్ బుట్టా కత్తీ దగ్గర పెట్టుకుని, అప్పుడు జవాబు చెప్పేదాన్ని. ఫోన్ పెట్టేసరికి మర్నాటి కూరకి కూడా తరగడం అయిపోయేది. అప్పట్లో మేముండే ఈ అమెరికా ఊరు నోవైలో, చుట్టుపక్కలా కలిపి మా తెలుగు చర్చి కుటుంబాలు పట్టుమని పదిహేను లేవు. ఆ పదిహేను ఇళ్ల కబుర్లూ పదిహేను ఇళ్లకీ చేరేది ఆమె ద్వారానే.

అసలు పేరు కరుణమ్మ. చీరాలలో నర్సింగ్ చదువుకుని 1978లో ఇక్కడికి వచ్చింది. మా ఆస్పత్రిలో నర్సుగా నాకు ఆరేళ్లు సీనియర్. సూది గుచ్చాలంటే రోగిని ముందు కబుర్లలోకి దింపేది. అతను తన మనవరాలి సంగతి చెబుతుండగానే గుచ్చేసి, దూది పెట్టి, ఆ మనవరాలికి ఏ వయసులో పెళ్లి చేయాలో కూడా చెప్పేది. భర్త సుందర్ రాజ్ గారు కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. ఆయన రోజుకి మాట్లాడే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, రెండో చెయ్యి అక్కర్లేదు. నేను ఆయన్ని బావగారూ అని పిలుస్తాను. ఆయన నన్ను ఏమీ పిలవరు, తల ఊపుతారు.

వాళ్ల పక్కింట్లో డోరతీ అనే పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. కరుణక్కకి మంచులో కారు నడపడం నేర్పింది ఆవిడే. ఒక ఆదివారం ఖాళీ పార్కింగ్ లాటుకి తీసుకెళ్లి, కారు మంచు మీద గిర్రున తిరిగేదాకా బ్రేకు తొక్కించి, మళ్లీ దారికి తెచ్చుకోమనేదట. కరుణక్క "ప్రభువా, ప్రభువా" అని కేకలు పెడుతుంటే, డోరతీ స్టీరింగ్ మీద వేలితో తట్టి "హుష్, హనీ" అనేదట. కరుణక్కని నోరు మూసుకోమని చెప్పి కూడా ఆమెకి స్నేహితురాలిగా మిగిలిన మనిషి నాకు తెలిసి డోరతీ ఒక్కతే. నేను ఒకసారి ప్రయత్నించి మూడు వారాలు మాటలు పోగొట్టుకున్నాను.

1986 అక్టోబరులో డోరతీకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి నేరుగా నర్సింగ్ హోమ్‌కి, అంటే లేవలేని వృద్ధుల్ని ఉంచి చూసుకునే చోటికి, తరలించారు. ఆవిడకి రెండేళ్ల లాబ్రడార్ కుక్క ఉండేది, పేరు చెస్టర్. అరిజోనాలో ఉన్న మేనల్లుడు ఫోన్ చేసి, దాన్ని జంతువుల షెల్టర్‌లో వదిలేయండి అన్నాడు. చీరాలలో కుక్కని గుమ్మం తొక్కనివ్వని ఇంట్లో పుట్టిన కరుణక్క, ఆ ఫోన్ పెట్టేసి, వెళ్లి చెస్టర్‌ని ఇంటికి తెచ్చేసుకుంది. ఎందుకమ్మా ఈ తలనొప్పి అని అడిగాను.

"నీకేం తెలుసే? నేను ఆవిడ్ని చూడ్డానికి వెళ్తే నా మొహం చూడదు. నా వెనకాల చూస్తది, వాడు వచ్చాడేమోనని. నోరు లేదు గదా, అడగలేదు. తలుపు మూసుకునేదాకా అట్టా చూస్తానే ఉంటది" అంది.

నర్సింగ్ హోమ్‌లో నర్సుల పెద్ద మిస్ గ్రేడీ. చెస్టర్‌ని డోరతీ దగ్గరికి తీసుకొస్తామని అడిగితే ఆవిడ ససేమిరా అనలేదు గాని, షరతు పెట్టింది. మార్చి మొదటి శనివారం కుక్కని తీసుకురండి, హాల్లో మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. పక్క నుంచి వాకర్లు పట్టుకుని ముసలివాళ్లు నడుస్తారు. అది ఎవరి మీదికైనా ఎగిరిందా, ఇక జన్మలో ఈ గుమ్మం ఎక్కదు. ఇక్కడ ఒక తుంటి ఎముక విరిగితే మనిషి మళ్లీ లేవడు, అంది. నర్సులం కాబట్టి మేము ఆవిడతో వాదించలేకపోయాం.

చెస్టర్‌కి వచ్చిన విద్య ఒక్కటే, ఎగరడం. మనిషి కనిపిస్తే చాలు, ముందు కాళ్లు రెండూ ఛాతీ మీద వేసి మొహం నాకేవాడు. వాణ్ణి శిక్షణ తరగతికి తీసుకెళ్లాలంటే వెనక సామాను చోటున్న నా పొడుగు కారు, స్టేషన్ వ్యాగన్‌లోనే పడతాడు. నాకు కుక్కలంటే చచ్చేంత భయం. మంగళవారం మంగళవారం సాయంత్రం వాడి ఊపిరి నా మెడ మీద తగులుతుంటే, కీర్తనలు పాడుకుంటూ డ్రైవ్ చేశాను. బావగారు వెనక సీట్లో ఉంటే, కరుణక్క పక్క సీట్లో కూర్చుని వాడికి దారంతా మంచీ చెడూ బోధించేది.

శిక్షణ ఇచ్చే జూడీ అంతకుముందు ఫ్లోరిడాలో డాల్ఫిన్లకి ఆటలు నేర్పిందట. నీళ్లలో ఉన్న డాల్ఫిన్‌కి శభాష్ అంటే వినపడదు కాబట్టి ఈల వేసేవాళ్లమని చెప్పి, మా అందరి చేతుల్లో తలా ఒక రేకు కప్ప పెట్టింది. పిల్లల ఆటబొమ్మ. కడుపు నొక్కితే టిక్కుమంటుంది. "కుక్క మంచి పని చేసిన క్షణంలో నొక్కండి. టిక్కు అంటే, ఇప్పుడు నువ్వు చేసిందే, సరిగ్గా అదే, అని అర్థం. నొక్కాక తిండి పెట్టాల్సిందే. పొరపాటున నొక్కినా సరే, పెట్టాల్సిందే. మాటతో చెప్పినా ఇదే పని జరుగుతుంది. కాకపోతే ఒకటే చిన్న మాట, ప్రతిసారీ అదే మాట, ఆ క్షణంలోనే" అంది.

ఒకటే చిన్న మాట అన్నప్పుడు బావగారు భార్య వైపు చూశారు. నేనూ చూశాను.

కరుణక్క కప్పని అటూ ఇటూ తిప్పి ఆయన చేతిలో పెట్టేసింది. "ఈ రేకు ముక్కకేం తెలుసు ప్రేమ? బిడ్డనైనా పశువునైనా నోరారా మెచ్చుకోవాలి" అంది. అని, చెస్టర్‌ని కూర్చోమంది. వాడు కూర్చున్నాడు. "శభాష్ రా నాయనా! ఎంత బుద్ధిమంతుడివిరా, నా బంగారు కొండా! చూశావా విమలా, ఒక్కసారి చెప్పంగానే కూర్చున్నాడు, మా పెద్దాడు ఇట్టా ఎప్పుడన్నా విన్నాడా..." ఈ ప్రవాహం ముగిశాక చీజు ముక్క అందించింది.

బావగారు వాచీ చూసి, "పదకొండు సెకన్లు" అన్నారు. బ్రేకు తొక్కిన క్షణానికీ కారు ఆగిన క్షణానికీ మధ్య కాలం కొలవడమే ఆయన ఉద్యోగం. ఆ పదకొండు సెకన్లలో చెస్టర్ కూర్చున్నాడు, లేచాడు, ఒక చుట్టు తిరిగాడు, కరుణక్క ఛాతీ మీద కాళ్లు వేశాడు. చీజు సరిగ్గా అప్పుడు అందింది. పాపం వాడేమనుకుంటాడు? కాళ్లు పైకి వేస్తే చీజు ఇస్తారు అనుకున్నాడు. రెండు వారాలు ఆమె ఎంత ప్రేమగా నేర్పిందో వాడు అంత బాగా ఎగిరాడు.

బావగారు గరాజ్‌లో విడిగా వాణ్ణి కూర్చోబెట్టి, టిక్కు, చీజు, టిక్కు, చీజు, ఒక్క మాట లేకుండా పది రోజుల్లో రెండు నిమిషాలు కదలకుండా కూర్చునేలా చేశారు. కరుణక్క కిచెన్ కిటికీలోంచి చూసి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆమెకి నిజంగా బాధ కలిగింది. జీవితమంతా మాటతోనే మనుషుల్ని దగ్గర చేసుకున్న మనిషి, ఒక కుక్క దగ్గర ఓడిపోయింది, అదీ ఒక రేకు కప్ప చేతిలో.

ఓడి ఊరుకునే రకం కాదు. ఒకటే మాట గదా, ఎంచుకుంటా అంది. ఎంచుకున్నది "స్తోత్రం." మాట మంచిదే. చెస్టర్ నాలుగు రోజుల్లో నేర్చుకున్నాడు కూడా. శుక్రవారం వాళ్లింట్లో ప్రార్థన కూడిక. మా పాస్టర్ ఏసుపాదం గారు ప్రార్థన మొదలుపెట్టి "స్తోత్రం ప్రభువా" అనగానే చెస్టర్ కార్పెట్ దాటుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని నోరు తెరిచాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు కాబట్టి ఇంకో స్తోత్రం చెప్పారు. వాడు ఆయన మోకాలి దగ్గరికి జరిగాడు. చుట్టూ ఉన్న పాతికమందీ స్తోత్రం, స్తోత్రం అంటుంటే, ఇంత బాకీ ఎప్పుడు తీరుస్తార్రా అన్నట్టు వాడు అందరి మొహాలూ చూశాడు. పాస్టర్ గారు ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ఆయన ఒడిలో కుక్క తల ఉంది. ఆయన వేసిన కేక స్తోత్రమూ కాదు, ఆమెనూ కాదు.

ఆ ఇంట్లో ఎవరూ వాడని మాట ఒకటి కావాలి. కరుణక్క వాడని మాట తెలుగులో ఏముంటుంది అని నేను దెప్పాను. అన్నం పెట్టుకుంటున్న బావగారు తలెత్తకుండా, "చాలు" అన్నారు.

నిజమే. కబుర్లలో గాని, కూర వడ్డించడంలో గాని, ఆమె నోట ఆ మాట ఎవరమూ వినలేదు. కరుణక్క ఆయన వైపు ఉరిమి చూసి, గరిటె పక్కన పెట్టి, పొడిగా, "చాలు" అని ఒకసారి అని చూసుకుంది. ఆ రోజు నుంచీ రోజూ సాయంత్రం అరగంట, చెస్టర్ ముందు నిలబడి, పెదాలు బిగించి, ఆ ఒక్క మాట కోసం కాచుకునేది. డ్యూటీలో కంటే అలసిపోయేది. "మాట్టాడకుండా ఉంటే దవడలు నొప్పెడతన్నయ్యే" అని నాకు ఫోన్ చేసి గంటసేపు చెప్పింది.

మార్చి మొదటి శనివారం వచ్చింది. నర్సింగ్ హోమ్ హాల్లో బావగారు కప్ప పట్టుకుని నిలబడ్డారు. కప్పతోనే వాడు బాగా వింటాడని మేమంతా ఒప్పించాం. కరుణక్క వెనక్కి తగ్గింది, మొహం మాత్రం ముడుచుకునే ఉంది. చెస్టర్ కూర్చున్నాడు. ఒక వాకర్ వెళ్లింది, కదల్లేదు. మిస్ గ్రేడీ తృప్తిగా తల ఊపి, రాసుకోవడానికి బాల్‌పెన్ నొక్కింది. టిక్కుమంది.

చెస్టర్ లేచి, తోక ఊపుకుంటూ, ఆవిడ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ కంగారుపడి పెన్ను మళ్లీ నొక్కింది. వాడు ఇంకా దగ్గరికి వెళ్లాడు. పక్కన చక్రాల కుర్చీకి ఎవరో బ్రేకు వేశారు, అదీ టిక్కుమంది. వాడు అటు తిరిగాడు. ఆ భవనమంతా తనకి చీజు బాకీ ఉన్నట్టే వాడికి అనిపించి ఉండాలి. బావగారు కప్పని జేబులో వేసుకున్నారు, ఆయన మొహం పాలిపోయింది.

"ఎగరలేదు కాబట్టి ఇంకొక్కసారి. ఇదే ఆఖరు" అంది మిస్ గ్రేడీ.

కరుణక్క ముందుకొచ్చి తాడు అందుకుంది. పెన్ను నొక్కొద్దని అడగమని నేను గొణిగాను. "ఎందుకే? రేపు నొక్కరా?" అంది. చెస్టర్‌ని కూర్చోబెట్టి నిలబడింది. వాకర్ వెళ్లింది. పెన్ను టిక్కుమంది. వాడి వెనక కాళ్లు లేవబోయాయి. వాడు పెన్ను వైపు చూశాడు, సందేహంగా ఆమె వైపు చూశాడు. చూసిన ఆ క్షణంలో, "చాలు."

చీజు. రెండోసారి పెన్ను నొక్కినప్పుడు వాడు నేరుగా ఆమె మొహమే చూశాడు. "చాలు." మూడు నిమిషాల్లో కరుణక్క మాట్లాడింది మొత్తం నాలుగు మాటలు, నాలుగుసార్లూ అదే. పెళ్లి ప్రమాణాలప్పుడు కూడా అంత క్లుప్తంగా మాట్లాడి ఉండదు. నేను ఏడ్చాను. ఒప్పుకుంటాను, కుక్క కోసమే ఏడ్చాను.

మిస్ గ్రేడీ సరేనని మమ్మల్ని లోపలికి పంపింది. డోరతీ తన గదిలో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. తలుపు తెరుచుకోగానే అలవాటుగా కరుణక్క వెనకాల చూసింది. ఈసారి వాడున్నాడు. వాడు వణికిపోతూ, ఎగరకుండా, నడిచి వెళ్లాడు. ఆవిడ పెదాలు కదిలాయి. ఎంత ప్రయత్నించినా వాడి పేరు రాలేదు. వాడేమో ఆ గొంతు కోసం చెవులు నిక్కబొడుచుకుని, ఒకసారి ఆవిడ మొహం చూశాడు, ఒకసారి మా మొహాలు చూశాడు. పిలుపు లేకపోయేసరికి వాడికి ఏం చేయాలో తోచలేదు.

కరుణక్క బావగారి వైపు చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి కప్ప తీసి ఇచ్చారు. దాన్ని డోరతీ ఎడమ చేతిలో పెట్టి, వేళ్లు ముడిచి, ఎలా నొక్కాలో, నొక్కితే ఏమిటర్థమో, నొక్కాక చీజు ఎందుకు పెట్టాలో, జూడీ ఎవరో, డాల్ఫిన్లు ఏం చేస్తాయో, అంతా చెప్పింది. చాలా రోజుల తర్వాత నోరారా చెప్పింది. డోరతీ ఓపిగ్గా వింది. విని, చెస్టర్ వైపు తిరిగి, నొక్కింది.

వాడు ఒక్క అడుగులో వచ్చి ఆవిడ ఒడిలో తల పెట్టేశాడు. ఆవిడ మళ్లీ నొక్కింది. వాడు కళ్లు మూసుకున్నాడు. ఐదు నెలల తర్వాత ఆవిడ చెప్పిన మాట ఒకరికి అర్థమైంది.

చీజు అందిస్తూ కరుణక్క ఏదో అనబోయింది. డోరతీ తలెత్తి ఆమెనే చూసింది, వెనకాల కాదు. చూస్తూ, కప్పని ఆమె వైపు చాపి, ఒకసారి నొక్కింది.

కరుణక్క ఆగిపోయింది. నేను వాచీ చూశాను. పదకొండు సెకన్లు గడిచాయి, ఇరవై గడిచాయి, ఆమె నోట మాట లేదు. కన్నీళ్లు మాత్రం కారుతున్నాయి. అప్పుడు బావగారు, నొక్కాక పెట్టాల్సిందే కాబట్టి, సంచీలోంచి ఒక చీజు ముక్క తీసి భార్యకి అందించారు.

ఆమె కిక్కురుమనకుండా తీసుకుని తినేసింది.