దండం పెడితే ఆరిపోయే దీపం

ఇంతకు ముందు నేను రాసి పంపిన పళని ప్రయాణాన్ని ఈ పత్రికవారు సగానికి కోసి, కింద నా పేరు వెయ్యడం మరిచిపోయారు. నేను మరవలేదు. అయితే ఈసారి నా ఫిర్యాదు పత్రిక మీద కాదు, మదురైలోని మన తెలుగు సంఘం అధ్యక్షుల మీద. వారికి రెండేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నాను. "కోయంబత్తూరు మిల్లు బడిలో సైన్సు చెబుతున్నాను. నెలకొక ఆదివారం వచ్చి మీ మిల్లు పిల్లలకు కరెంటు సంగతి నేర్పుతాను. జీతం వద్దు. సంఘం హాలు తెరిచి ఇస్తే చాలు" అని. ఒక్కదానికీ జవాబు లేదు. వార్షికోత్సవానికి చందా అడుగుతూ అచ్చు కార్డు మాత్రం తప్పకుండా వచ్చింది. అంటే నా చిరునామా వారికి బాగానే తెలుసు. ఉత్తరానికి జవాబు రాకపోతే మనిషే వెళ్ళాలనుకుని ఒక శనివారం బయలుదేరాను.

కోయంబత్తూరు నుంచి మదురై వెళ్ళదలచినవారు పొద్దున్నే లేచి, పోదనూరులో బండి మారాలి. రైలుపెట్టెలో కుడివైపు కిటికీ పట్టుకోండి, పళని దాటేదాకా కొండలు కనిపిస్తాయి. నాకు ఎడమవైపు దొరికింది. ఒళ్ళో అట్టపెట్టె, అందులో టార్చి సెల్లులు, చిన్న బల్బులు, రాగి తీగ. ఉడుమలైలో ఎక్కిన ఒక రైతమ్మ నా పెట్టెను అనుమానంగా చూసి, నాది తెలుగని తెలిశాక అడిగింది:

"ఏమి సామీ, అందులో టపాకాయలా?"

"కాదమ్మా, కరెంటు. పిల్లోళ్ళకు నేర్పేదానికి."

"బాగుండాది! మా బావి మోటారుకు కరెంటు లేదని మేము ఆపీసుల చుట్టూ తిరగతా ఉంటే, మీరు పెట్టెలో కట్టుకొని పోతుండారా?"

బండిలోని వాళ్ళందరూ నవ్వారు. దిండిగల్లులో బండి చాలాసేపు ఆగింది. బిర్యానీ వాసన కిటికీలోంచి వస్తుండగా నేను పెరుగన్నం పొట్లం విప్పుకుని తిన్నాను. మదురై చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. స్టేషను దగ్గర లాడ్జిలో గది దొరికింది గాని అందులో బల్బు కాలిపోయి ఉంది. మేనేజరు నవ్వుతూ కొవ్వొత్తి తెచ్చి ఇచ్చాడు. నేనెందుకు వచ్చానో అతనికి చెప్పలేదు.

ఆదివారం ఇడ్లీలు తిని మిల్లు లైన్ ఇళ్ళకు నడిచాను. వీధి మొదట్లోనే సంఘం హాలు. కొత్త సున్నం, గుమ్మం మీద రంగు బల్బుల తోరణం, తలుపుకు బీగం. ఎదురింటి నాగమ్మవ్వ మాకు దూరపు చుట్టం. వీధి పిల్లలను పిలిచి, తన అరుగు మీద పాఠం చెప్పుకోమంది, ఒక షరతుతో.

"మెల్లగా మాట్లాడు వాద్యారే. లోపల నా కొడుకు నైట్ షిప్టు చేసి పండుకోనుండాడు."

మూడు షిఫ్టుల మిల్లు. ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా పగలు ఎవరో ఒకరు నిద్రపోతుంటారు. పిల్లలు ఆడుకునేది కూడా గుసగుసగానే. విద్యుత్ ప్రవాహాన్ని చెవిలో మంత్రంలా చెప్పిన మొదటి వాద్యారును, అంటే పంతులును, నేనే అయి ఉంటాను.

సెల్లుకు రెండు కొసలుంటాయి, ఒక కొస నుంచి బయలుదేరిన కరెంటు తీగ వెంట బల్బులోకి పోయి, రెండో కొసకు తిరిగి రావాలి, దారి ఎక్కడా తెగకూడదు అని చెప్పాను. సెల్వి అనే పిల్ల రెండు చేతులతో తీగలను సెల్లుకు ఒత్తి పట్టుకుంది. బల్బు వెలిగింది. గడపలోంచి అవ్వ అదిలించింది.

"ఏమే, దీపం వెలిగితే అట్లే చూస్తా కూకున్నావే? దండం పెట్టు!"

మన ఇళ్ళలో సందెవేళ స్విచ్చి వేసినా బల్బుకు దండం పెట్టనిదే ముందుకు పోము. సెల్వి వెంటనే చేతులు జోడించింది. తీగలు జారాయి. దీపం ఆరిపోయింది.

"అయ్యో, ఆరిపోయిందే! మంచిది కాదు, మళ్ళీ వెలిగించు" అంది అవ్వ. సెల్వి వెలిగించింది, దండం పెట్టింది, ఆరిపోయింది. తర్వాత ఆరోగ్యం అనే పిల్లవాడు కూర్చున్నాడు. వాళ్ళది వేదపు ఇల్లు, అంటే కిరస్తానీలు. వాడు దండం పెట్టలేదు, సిలువ గుర్తు వేసుకున్నాడు. దానికీ ఒక చెయ్యి కావాలి. అదీ ఆరింది. నా పాఠం రెండు మతాల మధ్యా సమానంగా చీకటిపాలైంది.

నేను తల పట్టుకుని కూర్చుంటే సెల్వి అవ్వను చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"నేను చెయ్యి తీస్తే దారి తెగిపోతాది అవ్వా. నేను పట్టుకోనుంటా, నువ్వు దండం పెట్టు."

అవ్వ దండం పెట్టింది. దీపం నిలిచింది. పిల్లలు షరతు మరిచి ఒక్కసారి కేక వేశారు. లోపలి నుంచి అవ్వ కొడుకు ముత్తు, ఎర్రటి కళ్ళతో వచ్చాడు.

"ఏంది వాద్యారే, తిరునాళ్ళా? రాత్రంతా నిలబడి నూలు అతికి వచ్చినాము. ఎదురుగా హాలు ఉండాదే, అక్కడ పెట్టుకోకూడదా?"

"మీ సంఘం తలైవరు జవాబు చెప్పలేదు."

"రండి, అడుగుదాము" అని చొక్కా తొడుక్కున్నాడు.

అధ్యక్షుల ఇంట్లో పట్టపగలే ట్యూబులైటు వెలుగుతోంది. కాఫీ ఇచ్చారు. నా ఉత్తరాలు అందాయట, చాలా బాగున్నాయట.

"అయితే కరెంటంటే ఆటా వాద్యారే? ఒక బిడ్డకు షాకు కొడితే ఎవరు జవాబు?"

నేను జేబులోంచి సెల్లు తీసి వారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టాను. వారికేమీ కాలేదు. నా వాదం వల్ల కూడా ఏమీ కాలేదు.

"సరి సరి. కమిటీలో పెట్టి చెప్తాము."

"అన్నా, పెండ్లికైతే హాలు ఒక్క మాటకే తీస్తారే" అన్నాడు ముత్తు.

"పెండ్లికి బాడుగ వస్తాది ముత్తూ."

తిరిగి వచ్చేసరికి పిల్లలు అరుగు మీద ఇంకా ఉన్నారు. సామానంతా సెల్వి చేతికిచ్చాను. "వచ్చే నెల కరెంటు బెల్లు చేస్తామా వాద్యారే?" అని గుసగుసగా అడిగింది. ముత్తు నిద్ర మీద ఇంకో పాఠం చెప్పలేను. హాలు లేకుంటే నేను రాలేను. ఆ మాట ఆ పిల్లతో అనలేక, ఉత్తరం రాస్తానన్నాను.

సోమవారం తిరుగు బండిలో కుడివైపు కిటికీ దొరికింది. ఇప్పుడు కొండలు ఎడమవైపు. దిండిగల్లులో బీగాల గోతంతో ఎక్కిన వ్యాపారి నా కథంతా విని, "మా బీగం తాళంచెవి లేకుండా తెరుచుకోదు సార్, దానికి మేము గ్యారంటీ" అన్నాడు గర్వంగా. మొత్తం మీద మదురై మంచి ఊరు. గుడి గొప్పది, మల్లెలు గొప్పవి, ఇడ్లీ మెత్తన. దొరకనిది జవాబు ఒక్కటే.

అధ్యక్షులవారూ, మీరు ఈ పత్రిక తెప్పించుకుంటారని ముత్తు చెప్పాడు. కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. ఆ పిల్లలకు నెలకొక ఆదివారం హాలు తెరుస్తారా, తెరవరా? 'తెరవము' అనైనా రాయండి, సెల్వికి నేను చెప్పుకుంటాను. కమిటీ అని మాత్రం రాయకండి.