ఇంకోసారి నడిపించు

నెల్లూరులో జట్కాలు తిరిగే రోజుల్లో, మా వీధి పశువుల డాక్టరుగారు ఏ గుర్రాన్ని చూసినా "ఇంకోసారి నడిపించు" అనేవారు.

గుర్రానికి ముందూ వెనకా మాత్రమే తెలిసిన నాబోటివాడికి, అది తల దించినప్పుడు నేలకు ఆనే కాలే కుంటిదనిపిస్తుంది. నిజానికి అది మంచికాలు. నొప్పి కాలిని కాచుకుంటూ గుర్రం బరువు ఈ మంచికాలిమీద మోపుతుంది. ఉద్యోగం కొత్తలో ఆయనా నాలాగే పొరబడి, ఒక జట్కాసాయిబు గుర్రానికి మంచికాలికి కట్టుకట్టినారు. అసలు కాలి నొప్పి ముదిరి, గుర్రం బండికి పనికిరాకుండా పోయింది.

ఏళ్ల తర్వాత అదే సాయిబు కొత్త గుర్రాన్ని కుంటించుకుంటూ తెచ్చినాడు.

"వేరే డాక్టరుకు చూపించు సాయిబూ," అన్నారాయన, తలెత్తకుండా.

"వాళ్లింకా ఆ తప్పు చెయ్యలేదు సార్. మీరు చేసేసినారు గదా!"

పొద్దుగూకేదాకా నడిపించి, చివరికి నొప్పి ఎడమకాలిదేనని పట్టుకున్నారు. కట్టు చుట్టి కూడా ఆ కాలే ఇంకోసారి తడుముతుంటే, ముడి సాయిబే వేసినాడు.