గోడ మీది పసుపు చెయ్యి

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలమనిషి ఎదురుగానే పాలలో వేలు ముంచి చూసే రకం. బట్టల కొట్టువాడు రంగు పోదని ఒట్టు పెడితే, అప్పుడే ఆ చీర మడిచి ఇచ్చేస్తాను. అలాంటిదాన్ని తెచ్చి, జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద చాయ్ హోటల్ నడిపే మనిషికి ఇచ్చి పెళ్లి చేశారు. ఆయనకేమో కనబడిందల్లా పోగేసే పిచ్చి.

రాష్ట్రం మారి బండ్ల నంబర్లకు కొత్త అక్షరాలు వచ్చిన రోజులవి. విప్పేసిన పాత నంబరు ప్లేట్లు మెకానిక్ షెడ్ల వెనక గుట్టగా పడి ఉండేవి. మా ఆయన వాటిని ఏరుకొచ్చి హోటల్ గోడలకు మేకులు కొట్టి తగిలించేవాడు. ఎటునుంచి చదివినా ఒకటే అయ్యే నంబరు ఒకటి, అన్నీ ఏడులే ఉన్నది ఒకటి, కూడితే తొమ్మిది వచ్చేవి బోలెడు. వాటి కింద అరలో సినిమావాళ్ల సామాను. ఒక హీరో కాల్చి పడేసిన సిగరెట్టు ముక్క గాజుసీసాలో ఉండేది. ఇంకో హీరో చొక్కా గుండీ, ఎవరో హాస్యనటుడు తల దువ్వుకున్న దువ్వెన. బొంబాయి లారీ డ్రైవర్లు తెచ్చిచ్చారని అందరికీ చెప్పేవాడు. ఆ సిగరెట్టు మా మరిది కాల్చే రకమేనని కాపురానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టాను. కొత్త కోడలిని కదా, నోరు మూసుకున్నాను.

హోటల్ ముందు భాగంలోకి నేను వెళ్లకూడదు. లారీలవాళ్లు కూర్చునే చోట కోడళ్లకేం పనని మా అత్త కట్టడి. వెనక వంటింట్లో నేను జొన్నరొట్టెలు చేసి, గోడలోని చిన్న కిటికీలోంచి అందించేదాన్ని. అందులోంచి ఎదుటి గోడ, సిగరెట్టు సీసా ఉన్న అర కనబడేవి గానీ కిటికీ ఉన్న గోడ అవతలి పక్క ఏముందో కనబడదు. మాటలు మాత్రం బాగా వినబడేవి.

ఒకరోజు అలా రొట్టె కొడుతుంటే ఆయన గొంతు వినిపించింది.

"బొంబాయి పోతుంటె తొవ్వల కారు గరమైందట. నీళ్ల కోసం ఈడ ఆపిన్రు. దిగింది హీరోయిన్! హైదరాబాద్‌ల కొన్న కొత్త కారు. నా ముంగటనే దాని నంబరు మీద పసుపు చెయ్యి ఏసింది. నంబరు కలిసొస్తలేదని ఎవరో చెప్పిన్రట, ప్లేటు ఇప్పి నా చేతుల పెట్టి పోయింది. సూడున్రి, ఎంత నాజూకు చెయ్యో!"

నా చేతిలో పిండి ముద్ద అలాగే ఆగిపోయింది. నేను వచ్చాక ఏ హీరోయిన్ దిగినా నాకు తెలియకుండా ఉంటుందా? బొంబాయి హీరోయిన్‌కు పసుపు చెయ్యి వేయడం ఎవరు నేర్పారు? పసుపు ఎక్కడిది? మా డబ్బాలో పసుపు ఎంతుందో నాకు తెలుసు. ప్లేటు విప్పి ఇచ్చేసి, నంబరు లేని కారులో బొంబాయి దాకా పోయిందా? పోలీసులు దండం పెట్టి పంపించారా? కథలో నిజం లేదని తేలిపోయింది. మరి చెయ్యి మాత్రం నాకు కనబడని ఆ గోడ మీద ఉంది. హీరోయిన్‌ది కాని ఆడమనిషి చెయ్యి మా గోడ మీదకి ఎలా వచ్చింది? అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

అత్తను అడిగాను. "ఏమోనే, వాని పిచ్చి వానిది" అని ఆమె తమలపాకు నమిలింది. ఆ నమలడం కూడా నాకు అనుమానంగానే తోచింది. పక్కింటామె ఇంకో మాట చెవిన వేసింది. "మిగిలిన ప్లేట్లన్ని మసిగుడ్డతోని తుడుస్తడు మీ ఆయన. గా ఒక్కదాన్ని తన కండువతోని తుడుస్తడు. చాన సేపు సూస్తడు కూడ." ఒళ్లు మండిపోయింది. ఆ కండువా ఉతికేది నేను. వాసన చూశాను. అల్లం చాయ్ వాసన తప్ప ఏమీ లేదు. లేకపోవడమే ఎక్కువ అనుమానమైంది.

నా బాధకు ఇంకో కారణం ఉంది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి నా కుడిచేతి చిటికెన వేలు పై కణుపు పోయింది. పెళ్లిచూపుల నాడు ఆ చెయ్యి కొంగులో పెట్టుకో అని అమ్మ మరీ మరీ చెప్పింది. అలాగే కూర్చున్నాను. తర్వాత ఆయన చూశాడో లేదో, చూసి లోపల ఏమనుకున్నాడో ఎప్పుడూ తేలలేదు. నేనూ అడగలేదు. వడ్డించేటప్పుడు కూడా ఆ వేలు గిన్నె చాటున ఉంచుకోవడం అలవాటైంది. ఇప్పుడు నాజూకు చెయ్యి, నాజూకు చెయ్యి అని రోజూ గోడకు అవతలినుంచి వింటున్నాను. న్యాల్‌కల్ నుంచి, ఝరాసంగం నుంచి కూడా ఆడవాళ్లు, పిల్లలు ఆ చెయ్యి చూడటానికి వచ్చేవాళ్లు. అందరూ చూడొచ్చు, నేను తప్ప.

ఇక ఆగలేకపోయాను. ఆయన గోధుమపిండికని బీదర్ పోయిన రోజు చీరలు మూటగట్టాను. ఆ చెయ్యి ఒకసారి చూసి, పుట్టింటికి ఝరాసంగం వెళ్లిపోదామని నిశ్చయం. మధ్యాహ్నం, బల్లలు ఖాళీ. అత్త కునుకు తీస్తోంది. మొదటిసారి ముందుకు వెళ్లి ఆ గోడ చూశాను.

రేకు ప్లేటు. పైన వార్నిష్ పూశారు. పసుపు కాస్త గోధుమరంగుకు తిరిగింది. నాలుగు వేళ్లు నిండుగా పడ్డాయి. చిటికెన వేలు పొట్టిగా ఉంది.

బల్ల మీద కూర్చున్నాను. అంతా కళ్ల ముందుకొచ్చింది. మా వైపు పెళ్లికూతురు అత్తారింటికి ఎక్కే బండికి పసుపు చెయ్యి వేసి ఎక్కాలి. నా పెళ్లికి ఊరి పటేలు కారు ఇచ్చాడు. నేను పసుపు చెయ్యి ఎత్తగానే డ్రైవరు అడ్డం పడ్డాడు. "రంగు ఖరాబైతే పటేలు నన్ను సంపుతడు. ఏస్తె నంబరు మీద ఎయ్యమ్మా" అన్నాడు. ఏడుపులో ఎక్కడ వేశానో కూడా నాకు గుర్తులేదు. ఆ వారంలోనే ఆ కారుకూ కొత్త అక్షరాలు వచ్చి, విప్పిన పాత ప్లేటు ఈయన చేతికి చిక్కి ఉంటుంది. ఇన్నాళ్లూ నేను కుళ్లిపోయింది నా చేతిని చూసే.

ఆయన వచ్చేసరికి నేను అక్కడే కూర్చుని ఉన్నాను, ఒళ్లో మూట. పిండి బస్తా దించి, నన్నూ గోడనూ మూటనూ చూశాడు.

"గీ చెయ్యెవరిది?" అన్నాను.

"నీదే. ఇంకెవరిదుంటది?"

"మరి హీరోయిన్‌దని ఊరందరికి చెప్తున్నవ్!"

"నా పెండ్లాం చెయ్యి అంటె ఎవడు సూస్తడే? చాయ్ తాగి లేచిపోతరు." కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నాకు రోజు సూడాలనిపిస్తది. ఉత్తగ గోడకు పెట్టుకుంటె నవ్వుతరు. ఏదో ఒకటి చెప్పాలె గద" అన్నాడు.

"వేలు సంగతి ఎవ్వరు అడగలేదా?"

"అడిగిన్రు. ఇస్టైల్‌గ మడిచి పెట్టిందని చెప్పిన."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వేలి సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. కానీ ఆ రెండు మాటల్లో ఏది నమ్మాలి? చాయ్ అమ్ముకోవడానికన్నది నిజమా, రోజూ చూడాలనిపిస్తుందన్నది నిజమా? సిగరెట్టు ముక్క విషయంలో అంత అబద్ధం ఆడినవాడు. మూట విప్పి చీరలు పెట్టెలో పెట్టాను గానీ ఆ అనుమానం మాత్రం ఉంచుకున్నాను. ప్లేటు గోడ మీదే ఉండిపోయింది. ఎవరికీ నిజం చెప్పలేదు, ఆయనా నేనూ.

తర్వాత కొన్నాళ్లకు న్యాల్‌కల్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లాం. అప్పగింతలయ్యాయి. జీపు తయారుగా ఉంది. పెళ్లికూతురు పసుపు గిన్నెలో చెయ్యి ముంచి, చిటికెన వేలు సగానికి మడిచింది.

"అయ్యో, అయిదు వేళ్లు నిండుగ పడాలె బిడ్డా! సక్కగ ఎయ్యి" అంది వాళ్ల నాయనమ్మ.

"నీకేం తెల్వదు ఊకో. హీరోయిన్లు గిట్లనే ఏస్తరంట. జహీరాబాద్ హోటల్ల చూసొచ్చిన" అంది ఆ పిల్ల, వేలు ఇంకా గట్టిగా మడిచి.

చుట్టూ ఉన్న ఆడపిల్లలు తలూపారు. వాళ్లలో ఒకరిద్దరు తమ వేళ్లు కూడా మడిచి చూసుకున్నారు. జీపు మీద పడిన చెయ్యి అచ్చం నాదే. అప్పుడు గమనించాను, నా కుడిచెయ్యి అలవాటుగా కొంగులోనే ఉంది. మెల్లగా బయటికి తీసి, జీపు రేకు మీద ఆ పచ్చి పసుపు పక్కన ఆనించి నిలబడ్డాను. ఎవరూ పట్టించుకోలేదు. జనం అవతలినుంచి ఆయన ఒక్కడూ నా చేతికేసే చూస్తున్నట్టు అనిపించింది. జీపు నంబరు కేసి చూస్తున్నాడేమో, అదీ చెప్పలేను.