పొద్దు గుంకాక కొన్న బైనాక్యులర్

బైనాక్యులర్ కళ్లకు ఆనించుకోగానే పాత రబ్బరు వాసన, దాంతోపాటు మా అత్త రాసుకునే కొబ్బరినూనె వాసన ముక్కుకు తగులుతాయి. అత్త అంటే నాన్నకు అక్క. లెక్కల టీచరుగా రిటైరై, పాలక్కోడు దగ్గర అడవి అంచునున్న మా పల్లెకు వచ్చేసింది. ఎవరి మాటా ఒక పట్టాన ఒప్పుకునే మనిషి కాదు; నాకు ఆమె అంటే అంత ఇష్టం ఉండడానికి అదీ ఒక కారణం.

ఆ ఏడు రాగి కంకి పట్టే వేళకు అడవిలోంచి ఏనుగులు దిగడం మొదలైంది. నాన్న రోజూ చీకటి పడేముందు మోటారు ఆపడానికి చేను దాటి బావి దగ్గరికి పోవాలి. ఆయన తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. "మిద్దె మీద నుంచి చూసేదానికి ఒక బైనాక్యులర్ కొందాం, పద పాపా," అని అత్త నన్ను దగ్గరి టౌను ధర్మపురికి తీసుకుపోయింది.

మేము చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అంగడాయన దూరంలోవాటిని అన్నిటికంటే పెద్దగా చూపించే బైనాక్యులర్‌ను ముందుకు తోశాడు. వీధి చివరి బోర్డు మీది అక్షరాలు ముక్కు మీదికే వచ్చినట్టుంటే నేను ఎగిరి గంతేశాను. అత్త మాత్రం దాన్ని బల్ల మీద పెట్టేసింది.

"మనం చూసేది పొద్దు గుంకేటప్పుడు కదా పాపా? ఈ ఎండలో ఏదైనా బాగానే కనపడతాది. సాయంత్రం మళ్లా వస్తాము."

అన్నట్టే మసక వెలుతురులో మళ్లీ పోయాం. అంగడాయన తల పట్టుకున్నాడు. అత్త ఒక్కొక్కటే తీసి ఎదురుగా ఉన్న చింతచెట్టు గుబురులోకి చూసింది, నాకూ చూపించింది. మధ్యాహ్నం నేను మనసు పడ్డ దాంట్లో అంతా మసకే. చెయ్యి కాస్త కదిలితే చెట్టంతా ఊగింది. అంత పెద్దగా చూపించకపోయినా, ముందు అద్దాలు వెడల్పుగా ఉన్న ఇంకొక దాంట్లో కొమ్మలు వేటికవే తెలిశాయి. "ఇదే మనది," అంది అత్త.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, నాన్న బావి దగ్గర ఉండగా, మిద్దె మీద దాంతో చూస్తున్న అత్త గబుక్కున ఫోను తీసింది. వట్టి కళ్లకు నాకు దారి పక్కన వెదురుపొద తప్ప ఏమీ కనిపించలేదు.

"రేయ్ తమ్ముడా, బయలుదేరొద్దు! దారిలో వెదుళ్ల కాడ ఏనుగులుండాయి. మోటారు రూములోకి పోయి తలుపేసుకో."

"సరేక్కా" అని నాన్న గొంతు వినిపించేదాకా నా ప్రాణం నాలో లేదు. ఏడుపు ఆగలేదు. అత్త నన్ను దగ్గరికి లాక్కుని బైనాక్యులర్ చేతికిచ్చింది.

"మీ నాయన భద్రంగా ఉండాడు. ఇప్పుడు చూడు. పిల్ల ఏనుగు తల్లి కాళ్ల నడుమ ఎట్లా నడస్తా ఉందో!"

చూశాను. అది తన తొండాన్ని తానే తొక్కుకుని తూలింది. ఏడుస్తూనే నవ్వాను.

అత్త పోయి కొన్నేళ్లయింది. ఏనుగులు ఇప్పటికీ వస్తాయి. మిద్దె మీద నుంచి చూసి నాన్నకు ఫోను చేసేది ఇప్పుడు నేను. ఆయన మోటారు రూము తలుపు వేసుకున్న చప్పుడు ఫోన్లో విన్నాక కూడా వెంటనే కిందికి దిగను. గుండె దడదడలాడుతుండగానే, అక్కడే నిలబడి, ఆ ఏనుగులను కళ్లారా చూస్తాను.