రేడియోలో అక్క గొంతు

విశాఖపట్నం నుంచి వచ్చిన నాకు పల్నాడు కొత్త. మాచర్ల వెళ్లే మా బస్సు పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి లారీల మధ్య ఇరుక్కుపోయింది. పక్క సీట్లోని పెద్దావిడ మాటిమాటికీ కిటికీలోంచి తొంగిచూస్తోంది.

"మా అక్క చెప్పిన బుర్రకథ ఇయ్యాల రేడియోలో వస్తది అమ్మాయ్. మాచర్లలో ఆమె పక్కన కూర్చుని ఇందామని బయల్దేరా," అంది. అక్క కథ చెబితే ఈవిడ వంత పాడేదట. రికార్డింగ్ అయిన కొన్నాళ్లకే అక్కకు గొంతు ఆపరేషన్ జరిగి మాట పోయింది. "ఒక్కతే ఉంది. పోయిన గొంతు ఇని ఏమైపోద్దోనని చానా భయంగా ఉంది."

బస్సు కదల్లేదు. నా ఫోన్‌లో రేడియో పెట్టాను. ఖంగుమనే ఆడగొంతు కథ ఎత్తుకుంది. ఆవిడ తన ఫోన్‌లో అక్కకు కలిపింది. అవతల ఫోన్ ఎత్తిన చప్పుడైంది గానీ, ఇంకేమీ వినబడలేదు.

"అక్కా, ఇంటున్నావా? ఏడవమాక," అంది.

కాసేపటికి ఫోన్‌లోంచి ఘల్లుఘల్లుమని చప్పుడు వచ్చింది. అదేమిటని అడిగాను.

"అందెలు. కథ చెప్పేటప్పుడు చేతివేళ్లకు తొడుక్కుంటది."

మాట పోయిన మనిషి రేడియోలోని తన గొంతుకు తానే తాళం వేస్తోంది. ఓదార్పు మాటల కోసం నేనింకా వెతుక్కుంటుండగానే, ఆవిడ పైట సర్దుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, బస్సంతా వినబడేలా "తందాన తాన" అని వంత అందుకుంది.