ఇయ్యాల ఏం కలిపిన చెప్పు బాపు

పొయ్యి ముట్టొద్దు. మా బిడ్డకు నేను పెట్టిన కట్టుబాటు గదొక్కటే. నాది ఎయిర్‌పోర్ట్ కాడ ఒక గోదాంల పని. డబ్బలకు పట్టీలేసుడు, లేబుళ్లు అంటిచ్చుడు. పొద్దుగాల్ల పోతే మళ్ల పొద్దుగూకినంకనే ఇల్లు చేరేది. మా ఆయన ట్యాక్సీ నడుపుతడు. ఎప్పుడొస్తడో ఎప్పుడు పోతడో ఆ ఎయిర్‌పోర్ట్ పార్కింగుల లైనుకే ఎరుక. బిడ్డేమో బడి నుంచి నాకంటే ముందే వస్తది. అందుకే సిలిండర్ బంద్ జేసి, అగ్గిపెట్టె నా సంచిలనే ఏసుకొని పోయేదాన్ని. అగ్గి జోలికి పోకు, ఇగ ఇంట్ల ఏమన్న తిను, ఏమన్న చేస్కో అని చెప్పిన. నిజంగనే చేస్కుంటదని నాకేం తెలుసు!

అప్పుడది నాలుగో తరగతి. ముందుగాల పుట్నాలు, శక్కర కలిపి చిన్న ఇనుప రోట్ల దంచి చెంచతోని బుక్కింది. గది మంచిగనిపిచ్చినట్టుంది, తర్వాత పల్లీల మీద పడ్డది. నేను ఐతారం నాడు ఏయించి డబ్బల పోసిపెట్టేదాన్ని. వాటిని దంచి, బెల్లం కలిపి, మళ్ల దంచి లడ్డూలు కట్టేది. ఒక్కటి గుండ్రంగుంటే ఒట్టు. లడ్డూ లడ్డూకు దాని ఏలి ముద్రలే. ఇంకోనాడు అటుకులు, కుడుక తురుము, బెల్లం. పొద్దుటి సజ్జరొట్టెలు మిగిలినయంటే వాటిని చేతులతోనే నలిపి, నువ్వులేసి, బెల్లం కొట్టి మలీద ముద్దలు. మా అమ్మగారింట్ల మలీదంటే బతుకమ్మ నాడే. మా ఇంట్ల రొట్టె మిగిలినప్పుడల్ల బతుకమ్మనే.

తిట్టకుండ ఉంటనా? ఇంటికొచ్చేసరికి ఇల్లంత చీమలు. "గీ ఇంటికి కిరాయి కట్టేది మనమా, చీమలా?" అంటే పకపక నవ్వేది. ఆ నవ్వుకు నా కోపం యాడికి పోయేదో పోయేది.

తను తినేది ఒక్కటే. కడమయన్ని వాళ్ల బాపు స్టీలు డబ్బలకే. పార్కింగుల గంటలకు గంటలు కూసుంటడు కద, ఆకలైతదని. సవారీని దిగబెట్టవోతే ఒక్కోపారి తుక్కుగూడ, ఒక్కోపారి మైలార్‌దేవ్‌పల్లి, యాడికి పోయినా డబ్బ ఆయన పక్క సీట్లనే. మర్నాడు ఆయన ఇంట్ల అడుగు పెట్టుడే ఆలస్యం, పరీక్ష మొదలు. "నిన్న ఏం కలిపిన చెప్పు బాపు?" రోజుకొకటి దాచిపెట్టి కలిపేది. ఓనాడు సోంపు, ఓనాడు ఇలాచి, ఓనాడు మిరియాల పొడి గూడ. ఆయన కండ్లు మూసుకొని, మీసం దువ్వుకొని, "సోంపేనా?" అనెటోడు. అది చప్పట్లు కొట్టుకుంట ఇల్లంత దునికేది.

ఆయనకు షుగరున్నది.

అప్పటికే ఉన్నది. ఆయనకు తెలుసు, నాకు తెలుసు, బిడ్డకు తెల్వదు. గోలీలు బండిలనే పెట్టుకునెటోడు. దానికి చెప్తే తన మీద ఒట్టేనని నా చెయ్యి తీస్కపోయి నెత్తి మీద పెట్టుకున్నడు. నేను నోరున్నదాన్నే, ఊకుంటనా? ఊకోలే. కాకపోతే బిడ్డ ఇనొద్దని బట్టలుతికే కాడికి పిలిచి, నల్లా ఇడిచిపెట్టి, ఆ సప్పుడుల లొల్లి పెట్టుకునేదాన్ని. "ఆ డబ్బ పక్క డ్రైవర్లకు పంచిపెట్టయ్యా, నీకు దండం పెడ్త," అంటే, "పంచితే పొద్దుగాల్ల పరీక్షల ఫెయిలైత గదనే," అనెటోడు. నెత్తీనోరూ కొట్టుకున్న. గోడకు చెప్పినా నయం.

ఒకనాడు గట్టిగ తగులుకున్న. "చిన్నపోరి మాట ముఖ్యమా, నీ పానం ముఖ్యమా?" అన్న.

ఆయన నల్లాను ఇంక జర ఎక్కువ ఇడిచిండు. "నేను ఇంట్ల మెలకువతోని ఉండేదే గంటసేపు," అన్నడు. "ఆ గంటల బిడ్డ నాతోని మాట్లాడేది ఆ లడ్డూ ముచ్చటొక్కటే. అది గూడ లేదనుకో, గీ ఇంట్ల నేనెవణ్ని? కిరాయిదారునా?"

నేను నల్లా బంద్ జేసి బట్టలు పిండుకున్న.

కొత్త బూటు కరిచి కాలిఏలుకు పుండైంది. నొప్పి తెలుస్తలేదని ఆయన దాన్ని లెక్కచెయ్యలే. షుగరున్నోళ్లకు నొప్పి తెల్వకపోవుడే అసలు కష్టమని మాకు తర్వాత చెప్పిన్రు. ఏలు నల్లబడ్డంక దవాఖానకు ఉరికినం. బిడ్డను యాడ ఇడిచిపెట్టాలె? మా ఎంటనే తోలుకపోయినం. మంచం పక్కన నీళ్ల బాటిల్ పట్టుకొని నిలవడ్డది.

డాక్టర్ పుండు సూసిండు, కాయితాలు సూసిండు. "తీపి తింటున్నవా?" అని అడిగిండు.

"లేదు సార్," అన్నడు మా ఆయన.

"తింటడు సార్," అన్నది బిడ్డ. దాని మొకంల ఏం భయం లేదు. బాపు మరిచిపోయిండనుకున్నది, పాపం, యాది చేసింది. "రోజూ తింటడు. నేనే చేసిస్త."

డాక్టర్ దాన్ని కోపం చెయ్యలే. మంచిగనే చెప్పిండు. "బాపుకు షుగరున్నది బిడ్డా, ఇగ తీపి చెయ్యకు," అన్నడు. బిడ్డ ముందుగాల వాళ్ల బాపు మొకం సూసింది, తర్వాత నా మొకం సూసింది. నాకు గూడ ముందే ఎరుకని నన్ను సూడంగనే దానికి సమజైంది. నేను తల దించుకున్న. ఆ సూపు నేను సచ్చేదాక మరువ.

ఏలు తీసేసిన్రు. ఆయన కుంటుకుంటనే మళ్ల బండెక్కిండు. మనిషి మంచిగనే ఉన్నడు, గోలీలు ఏసుకుంటున్నడు. పోయింది ఆయన ఏలొక్కటే అయితే నేను గింత బాధపడకపోదును. దవాఖాన నుంచి వచ్చిన నాడే బిడ్డ ఇనుప రోలును కడిగి, తుడిచి, మంచం కిందికి నూకింది. బడిల ఎవరి పుట్టినరోజుకన్న చాక్లెట్ ఇస్తే తినకుండ పక్కదానికి ఇచ్చొస్తదట. "నీతోని కాలేదు బిడ్డా, బూటు కరిచింది," అని ఆయన ఎన్నిపార్లు చెప్పిండో. "సరే బాపు," అంటది. గంతే. వాళ్లిద్దరికీ మాట్లాడుకునేటందుకు ఇగ ఏం మిగల్లే. ఆయన వస్తడు, తింటడు, పంటడు. అది పుస్తకం ముందటేసుకొని కూసుంటది.

చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అయినా మనసు ఊకోదు. ఒట్టు గిట్టు మన్నుల కలవనీ, మొదటి లడ్డూ నాడే చెప్తే ఏమయ్యేది? ఒక్క పూట ఏడ్చేది. తర్వాత అటుకులల్ల ఉప్పు, కారం ఏసి, నిమ్మకాయ పిండి కలిపి, "ఏం కలిపిన చెప్పు," అనే అడిగేది. దాన్కి కావలసింది బెల్లమా? కాదు. బాపు కండ్లు మూసుకొని ఆలోచించుడే దాన్కి కావాలె. గంత చిన్న సంగతి ఇద్దరు పెద్దలకు తట్టలే. మా బతుకు పాడుగాను.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు నేను పువ్వులు పేర్చుకుంట వాకిట్ల కూసున్న. లోపట మంచం కింద నుంచి రోలు గుంజిన సప్పుడైంది. నా చేతులు ఆగిపోయినయ్. లేసి సూడాలంటే భయం, లేస్తే అది ఆపేస్తదేమోనని. జరసేపటికి గిన్నె పట్టుకొని వచ్చింది. సజ్జరొట్టెల మలీద. ముద్ద ముద్దకు మళ్ల దాని ఏలి ముద్రలు. నాకొకటి పెట్టింది. అరుగు మీద కూసున్న వాళ్ల బాపు ముందటికి పోయి నిలవడ్డది.

"ఏం కలిపిన చెప్పు బాపు?" అన్నది.

ఆయన నా దిక్కు సూసిండు. ఆ కండ్లల్ల నీళ్లు. ముద్ద తీస్కొని నోట్లేసుకొని, కండ్లు మూసుకొని, మెల్లగ నమిలిండు.

"నువ్వులు," అన్నడు. "పల్లీలు. ఇలాచి. ఇగ బెల్లమైతే మస్తు పడ్డది బిడ్డా, ఎంత తియ్యగున్నదో!"

అప్పటికే నా ముద్ద నా నోట్ల ఉన్నది. నాకు తెలిసిపోయింది. సైగ చేద్దామంటే ఆయన కండ్లు తెరిస్తే గద.

బిడ్డ గిన్నె మీద మూత పెట్టింది.

"నువ్వు తినాలెనని బెల్లం ఎయ్యనే లేదు బాపు," అన్నది. "నువ్వు ఇంకా గట్లనే అబద్ధం చెప్తున్నవ్."